పాపకు ఎస్‌సీఎన్1ఏ రిపోర్టు, ఇంట్లో మేనరికం మాటలు: నరాల కణాల్లో జీన్లకూ ఫిట్స్‌కూ సంబంధం ఏంటో తెలిసినవాళ్ళు చెప్పండి

నకిరేకల్_నాన్న:
అందరికీ నమస్తే. మా పాపకు రెండేళ్ళు దాటాయి. ఆరో నెలలో టీకా వేయించిన రాత్రి జ్వరం వచ్చింది, దాంతోపాటే ఫిట్స్ వచ్చాయి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రమే కొట్టుకున్నాయి, నల్లగొండ చేరేదాకా ఆగలేదు. ఆ తర్వాత జ్వరం వచ్చిన ప్రతిసారీ అంతే, ఇప్పుడు జ్వరం లేకుండా కూడా వస్తున్నాయి. ఎంఆర్ఐ తీస్తే నార్మల్ అన్నారు. హైదరాబాద్‌లో డాక్టర్ గారు జీన్ టెస్ట్ రాశారు. ఎస్‌సీఎన్1ఏ అనే జీన్‌లో మార్పు ఉంది, హెటెరోజైగస్ (అంటే రెండు కాపీల్లో ఒకదాంట్లోనే మార్పు), డ్రావే సిండ్రోమ్ (పసితనంలో మొదలయ్యే మొండి ఫిట్స్ జబ్బు) అని రిపోర్టు వచ్చింది. మా ఇద్దరి రక్తం కూడా తీసుకుని, తల్లిదండ్రుల్లో ఈ మార్పు లేదని ఇంకో కాగితం ఇచ్చారు.

మా ఆవిడ నాకు మేనమామ కూతురే. జీన్ అనే మాట వినగానే మేనరికం వల్లే ఇదంతా అని ఇంట్లో మొదలుపెట్టారు. మా అమ్మేమో టీకా వల్ల అంటుంది. ఇంకొకరు గాలి సోకింది, తాయెత్తు కట్టించు అంటారు. మా ఆవిడ సరిగ్గా తిండి కూడా తినడం లేదు. ఓపీలో అంతమంది మధ్య డాక్టర్ గారిని అడగలేకపోయాను కాబట్టి ఇక్కడ అడుగుతున్నా. జీన్ రెండు కాపీలు ఉంటాయంటారు కదా, ఒకటి బాగానే ఉన్నా ఇంత పెద్ద జబ్బు ఎందుకు? మా ఇద్దరిలో లేనిది పాపకు ఎక్కడినుంచి వచ్చింది? పుట్టుకతో ఉన్నదైతే మొదటి ఆరు నెలలు పాప ఎందుకు బాగుంది?

భువనగిరి_బయాలజీ:
అన్నా, నేను డాక్టర్‌ను కాదు, నరాల కణాల మీద ల్యాబ్‌లో పనిచేస్తా, మాది భువనగిరి. మందుల సంగతి మీ డాక్టర్ గారే చెప్పాలి. మీరు అడిగిన మూడు ప్రశ్నలకు మాత్రం నేను చెప్పగలను.

ఎస్‌సీఎన్1ఏ జీన్‌ను చదివి కణం నావ్1.1 అనే ప్రొటీన్ తయారుచేస్తుంది. అది నరాల కణం పొర మీద ఉండే సోడియం ఛానల్, అంటే సోడియం లోపలికి వచ్చే దారి. సోడియం లోపలికి వస్తేనే కణం సిగ్నల్ పంపగలదు. పాపలో ఒక కాపీ పనిచేయదు కాబట్టి ప్రొటీన్ దాదాపు సగమే తయారవుతుంది. కొన్ని జీన్లకు సగం ఉన్నా సరిపోతుంది, ఈ జీన్‌కు సరిపోదు. సోడియం ఛానల్ తగ్గితే మెదడులో సిగ్నల్స్ తగ్గి ఫిట్స్ కూడా తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది, చాలాకాలం శాస్త్రవేత్తలకూ ఇక్కడే చిక్కు. 2006లో అమెరికాలో కాటెరాల్ బృందం ఎలుకల్లో చూస్తే తేలిందేంటంటే, మెదడులో తోటి కణాలను ఉసిగొల్పే కణాలు వేరు, వాటిని అదుపులో పెట్టే కణాలు వేరు. నావ్1.1 మీద ఎక్కువగా ఆధారపడేది ఈ అదుపు చేసే కణాలే. ఉసిగొల్పే కణాలకు వేరే సోడియం ఛానళ్ళు ఉన్నాయి, వాటి పని ఆగదు. అందుకే అదుపు తప్పి ఫిట్స్ వస్తాయి. లోపం ఒళ్ళంతా ఉన్నా దెబ్బ ఎక్కువగా ఆ కణాలకే.

ఇక్కడే జీన్ల నియంత్రణ అనే మాట వస్తుంది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ జీన్లన్నీ ఉంటాయి. చెరువులో నీళ్ళు ఒకటే అయినా నీరటి ఏ తూము ఎప్పుడు, ఎంత ఎత్తాడన్న దాన్ని బట్టే ఏ మడి తడుస్తుందో తేలుతుంది చూడండి, జీన్ల సంగతీ అంతే. ఎస్‌సీఎన్1ఏ లివర్ కణంలోనూ ఉంది, అక్కడ దాన్ని తెరిచే అవసరం లేదు.

ఆరు నెలల సంగతికీ ఇదే కారణం. కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన కొత్తలో మెదడు ఎక్కువగా ఎస్‌సీఎన్3ఏ అనే ఇంకో జీన్ మీద నడుస్తుంది. తర్వాత నెలల్లో అది మెల్లగా తగ్గుతుంది, ఎస్‌సీఎన్1ఏ పెరుగుతుంది. పాప మెదడు కూడా సరైన సమయానికే ఆ మార్పు మొదలుపెట్టింది, కానీ కావలసినంత నావ్1.1 దొరకలేదు. డ్రావే పిల్లల్లో ఎక్కువమందికి మొదటి ఫిట్స్ ఆ వయసులోనే రావడానికి ఇదే ముఖ్యమైన కారణంగా చెప్తారు.

మీ ఇద్దరిలో లేని మార్పు అంటే అది కొత్తగా ఏర్పడింది. అండంలోనో శుక్రకణంలోనో డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు ఒక అక్షరం మారుతుంది. డ్రావే పిల్లల్లో పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఇలాగే వస్తుంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదన్నా. ఈ మాట మీ ఇంట్లో గట్టిగా చెప్పండి, వదినకు ముందు చెప్పండి.

సూర్యాపేట_సిస్టర్:
టీకా సంగతి నేను చెప్తా, నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సును. టీకాకు జ్వరం రావచ్చు, ఈ పిల్లలకు జ్వరం వస్తే ఫిట్స్ రావచ్చు, అంతవరకు నిజమే. కానీ జబ్బు టీకా తెచ్చింది కాదు. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, టీకా వల్ల మెదడు దెబ్బతిందని పేరుపడ్డ 14 మందిని పరీక్షిస్తే అందులో 11 మందికి ఎస్‌సీఎన్1ఏ మార్పు ఉంది. టీకా మానేస్తే తట్టు, కోరింత దగ్గు రావచ్చు, తట్టు జ్వరం ఇంకా పెద్దది. వేయించే రోజు జ్వరం మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో ముందే డాక్టర్‌తో రాయించుకోండి.

ఇంకోటి తమ్ముడూ, ఒంటి వేడి పెరగడమే ఈ పిల్లలకు ముప్పు. జ్వరమే కానక్కర్లేదు. పండగపూట నూనె పెట్టి కాగే నీళ్ళతో తలంటు పోస్తారు చూడు, ఆ పని వద్దు, గోరువెచ్చని నీళ్ళు చాలు. మే నెలలో మన నల్లగొండ ఎండకు మధ్యాహ్నం పూట పాపను బయటికి తీసుకుపోకండి. బస్సులో పోవాల్సి వస్తే తడి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

మిర్యాలగూడ_మెడికల్స్:
పాపకు ఇప్పుడు ఏం మందులు వాడుతున్నారన్నా? అడగడానికి కారణం ఉంది. ఫిట్స్ అనగానే ఎక్కువగా రాసే కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటాయిన్ (మనవాళ్ళు ఎప్టాయిన్ అనేది ఇదే), ఇవన్నీ సోడియం ఛానళ్ళను అడ్డుకునే మందులు. మామూలు ఫిట్స్‌కు చాలామందికి బాగా పనిచేస్తాయి. డ్రావే పిల్లలకు మాత్రం ఉన్న కొద్ది ఛానళ్ళనూ అడ్డుకున్నట్టు అయ్యి ఫిట్స్ ఎక్కువవుతాయి. లామోట్రిజిన్ కూడా సాధారణంగా వద్దంటారు.

నకిరేకల్_నాన్న:
మీరు చెప్పింది అక్షరాలా జరిగింది అన్నా. మొదట చూపించిన చోట కార్బమజెపిన్ రాశారు, మోతాదు పెంచినకొద్దీ ఫిట్స్ పెరిగాయి. మందు సరిగ్గా పోస్తలేరని మమ్మల్నే అన్నారు. జీన్ రిపోర్టు చూశాక హైదరాబాద్ డాక్టర్ గారు దాన్ని మెల్లగా తీసేసి వాల్‌ప్రోయేట్ సిరప్, క్లోబజామ్ పెట్టారు. ఇప్పుడు చాలా నయం. పూర్తిగా ఆగలేదు కానీ అంతసేపు ఉండడం లేదు.

మిర్యాలగూడ_మెడికల్స్:
మంచిది. మీ రిపోర్టు జిరాక్స్ ఒకటి ఎప్పుడూ వెంట పెట్టుకోండి. రాత్రిపూట ఎక్కడో క్యాజువాలిటీకి పోతే డ్యూటీ డాక్టర్‌కు ముందు అది చూపించండి, ఎందుకంటే ఆగని ఫిట్స్‌కు ఇచ్చే ఇంజక్షన్లలో ఫెనిటాయిన్ ఒకటి. ఇది చదువుతున్న మిగతావాళ్ళకు ఒక మాట: మీరు కార్బమజెపిన్‌నో ఎప్టాయిన్‌నో వాడుతుంటే ఈ పోస్టు చూసి ఆపకండి. మీ జబ్బు వేరు, ఈ పాప జబ్బు వేరు. ఒక్కసారిగా మందు ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

పాలమూరు_అక్క:
మాది జడ్చర్ల దగ్గర. మా తమ్ముడి సంగతి చూసి ఇక్కడ అడుగుతున్నా. వాడికి ఇంట్లో ఎవరికీ లేదు, చిన్నప్పుడు లేదు. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది, ఆపరేషన్ అయ్యింది, కోలుకున్నాడు, పనికి కూడా పోయాడు. అంతా బాగైందనుకున్నాక, దాదాపు సంవత్సరం తర్వాత ఫిట్స్ మొదలైనయి. దెబ్బ మానిపోయాక ఫిట్స్ ఎందుకు? ఇక్కడ జీన్ల పాత్ర ఏమన్నా ఉందా, లేక ఇది పూర్తిగా వేరేనా?

భువనగిరి_బయాలజీ:
అక్కా, మీ ప్రశ్నే నా పని. మీ తమ్ముడి జీన్లలో ఒక్క అక్షరం మారకపోయినా, అవి ఎంత పనిచేయాలన్న లెక్క మారిపోయి ఉండొచ్చు.

నరాల కణం గట్టిగా రెచ్చిపోతే నిమిషాల్లోనే దాని న్యూక్లియస్‌లో కొన్ని జీన్లు మేల్కొంటాయి. వాటిలో పేరుపొందింది సీ-ఫాస్. 1987లో మోర్గన్, కరన్ బృందం ఎలుకలకు మందుతో ఫిట్స్ తెప్పించి, మెదడులో సీ-ఫాస్ ఎక్కడెక్కడ పెరిగిందో చూపించింది. సీ-ఫాస్ చేసే ప్రొటీన్ పోయి వేరే జీన్ల మీద కూర్చుని వాటిని పెంచడమో తగ్గించడమో చేస్తుంది. అంటే ఫిట్స్ వచ్చిపోయాక కూడా కణంలో పని సాగుతూనే ఉంటుంది, గంటలు, రోజులు.

రెండోది రెస్ట్ అనే ప్రొటీన్. 1995లో రెండు ల్యాబులు విడివిడిగా కనిపెట్టాయి. దాని మామూలు పని నరాల కణాలు కాని చోట్ల నరాలకు సంబంధించిన జీన్లను మూసి ఉంచడం. పెద్దయిన నరాల కణాల్లో అది తక్కువే ఉండాలి. మెదడుకు పెద్ద దెబ్బ తగిలినా, ఫిట్స్ చాలాసేపు ఆగకపోయినా అది పెరుగుతుంది, పెరిగి అవసరమైన జీన్లను కూడా మూస్తుంది. అలా తగ్గేవాటిలో హెచ్‌సీఎన్1 ఒకటి, అదీ ఛానలే, కణం అతిగా రెచ్చిపోకుండా చూసేది. 2011లో కాలిఫోర్నియాలో బరం బృందం ఆగని ఫిట్స్ తెప్పించిన ఎలుకల్లో, రెస్ట్ డీఎన్ఏకు అంటుకోకుండా అడ్డుపడితే హెచ్‌సీఎన్1 చాలావరకు నిలబడింది, తర్వాత వచ్చే ఫిట్స్ కూడా తగ్గాయి. నాకైతే ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రయోగాల్లో ఇదొకటి. దెబ్బకూ మొదటి ఫిట్స్‌కూ మధ్య కనిపించే ఆ ప్రశాంతమైన కాలంలో లోపల ఏం జరుగుతోందో ఇది కొంత చూపించింది.

ఇవి కాక డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు (జీన్ పనిని మార్చే రసాయన గుర్తులు) పడతాయి, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లు అనే ప్రొటీన్లు మారతాయి, మైక్రో ఆర్ఎన్ఏలు (జీన్ల పనిని తగ్గించే చిన్న ముక్కలు) మారతాయి. 2012లో డబ్లిన్‌లో హెన్షల్ బృందం ఎలుకల్లో మైక్రో ఆర్ఎన్ఏ-134 అనేదాన్ని అణిచేస్తే ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ అక్కా, ఇవన్నీ ఎలుకల్లో. తలకు దెబ్బ తగిలాక ముందే ఫలానా మందు వేస్తే మూర్ఛ జబ్బు రాకుండా ఆపుతుందని మనుషుల్లో రుజువైన మందు ఇంకా లేదు. వచ్చాక అదుపు చేసే మందులు మాత్రం చాలా ఉన్నాయి, మందులు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. తమ్ముడికి మందు తప్పనివ్వకండి, డాక్టర్ ఒప్పుకునేదాకా బండి, చెరువు, బావి, కరెంటు మోటారు పని వద్దు.

దేవరకొండ_సార్:
చాలా వివరంగా రాశారు. నేను హైస్కూల్ టీచర్‌ను, నాకు రెండు సందేహాలు. ఒకటి, ఇప్పుడు వాడే మందుల్లో ఏదైనా జీన్ల నియంత్రణ మీద పనిచేస్తుందా? రెండు, మన మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే పిల్లలకు ఫిట్స్ అని కొందరు తల్లులు అంటుంటారు, అది ఎంతవరకు నిజం?

భువనగిరి_బయాలజీ:
సార్, వాల్‌ప్రోయేట్ ఉంది కదా, దాని కథ తమాషాగా ఉంటుంది. 1962లో ఫ్రాన్స్‌లో పియర్ ఎమార్ అనే పరిశోధకుడు వేరే పదార్థాలను కరిగించడానికి దాన్ని ద్రావకంగా వాడాడు. కలిపిన ప్రతి పదార్థం ఫిట్స్‌ను ఆపినట్టు కనిపించేసరికి, ఆపుతున్నది ద్రావకమే అని తేలింది. చాలా ఏళ్ళ తర్వాత 2001లో అది హిస్టోన్ డీఅసిటైలేజ్ అనే ఎంజైములను అడ్డుకుంటుందని, అంటే మూసిన జీన్లు తెరుచుకునే వైపు పనిచేస్తుందని కనుక్కున్నారు. అయితే ఫిట్స్ ఆపడానికి ఇదే కారణమని అనుకోకూడదు, దానికి వేరే పనులు కూడా ఉన్నాయి. గర్భంలోని బిడ్డకు అది చేసే హానికి మాత్రం ఈ గుణానికి సంబంధం ఉందని చాలామంది భావిస్తారు.

సూర్యాపేట_సిస్టర్:
ఫ్లోరైడ్ దెబ్బతీసేది పళ్ళనూ ఎముకలనూ సార్. పిల్లలకు ఫిట్స్ వస్తే ఫ్లోరైడ్ అనుకుని ఊరుకోకుండా కారణం వెతికించాలి. మన దేశంలో పుట్టుకతో కాకుండా తర్వాత వచ్చే మూర్ఛకు ఒక పెద్ద కారణం బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, వాటి పిల్లపురుగులు మెదడులో చేరి గడ్డ కట్టడం, న్యూరోసిస్టిసెర్కోసిస్ అంటారు, స్కాన్‌లో కనిపిస్తుంది, దానికి మందు ఉంది. చేతులు కడుక్కోవడం, పచ్చి కూరగాయలు బాగా కడగడం దగ్గరే చాలావరకు ఆగిపోతుంది.

మీరు టీచర్ కాబట్టి ఇది కూడా వినండి. క్లాసులో పిల్లకు ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, నోట్లో చెంచా పెట్టడం, ఇవేవీ వద్దు. చెంచా పెడితే పళ్ళు విరిగి గొంతులో పడతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, మెడ దగ్గర గుండీ విప్పండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయండి. నోటి నురగ తగిలితే అంటుకుంటుందని తోటి పిల్లలు దూరం పోతారు, అంటుకోదని ఆ రోజే అందరి ముందు చెప్పండి సార్, ఆ పిల్ల మళ్ళీ బడికి రావాలి కదా.

గద్వాల_చెల్లె:
పైన గర్భం మాట చూసి భయమేసింది. నేను పదో తరగతి నుంచి వాల్‌ప్రోయేట్ వాడుతున్నా, ఫిట్స్ రాక చాలా రోజులైంది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. జబ్బు సంగతి చెప్పొద్దని అమ్మ అంటుంది, చెప్తే సంబంధం పోతుందని, తర్వాత తెలిస్తే విడాకులు ఇస్తారని టెన్షన్. మాత్ర ఆపేయమంటారా?

మిర్యాలగూడ_మెడికల్స్:
ఆపొద్దు చెల్లె. సొంతంగా అసలే ఆపొద్దు. ఈ మందు గర్భంలో ఉన్నప్పుడు వాడితే పుట్టే వందమందిలో సుమారు పదిమందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, చదువులో ఇబ్బందులు రావచ్చు. అందుకే పెళ్ళికి ముందే, గర్భం రాకముందే న్యూరాలజిస్టును కలిసి మందు మార్చే అవకాశం ఉందా అడగాలి. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ లాంటివి ఈ విషయంలో చాలా నయం. నీ ఫిట్స్ రకానికి ఏది సరిపోతుందో ఆయనే చెప్పాలి. ఫోలిక్ యాసిడ్ కూడా ముందునుంచే రాస్తారు. మార్చడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ముహూర్తం పెట్టుకున్నాక కాదు, ఇప్పుడే వెళ్ళు.

దేవరకొండ_సార్:
చట్టం సంగతి నేను చెప్తానమ్మా. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ జబ్బు ఉంటే పెళ్ళి చెల్లదనే వీలు ఉండేది. 1999లో సవరణ చేసి ఆ మాట తీసేశారు. ఇప్పుడు మూర్ఛ ఉందన్న ఒక్క కారణంతో పెళ్ళి రద్దు కాదు. అయినా చెప్పే చేసుకోమ్మా. దాచిపెడితే అత్తగారింట్లో మాత్ర దొంగతనంగా వేసుకోవాలి, ఒక పూట కుదరదు, ఆ పూటే ఫిట్స్ వస్తాయి. మా బంధువుల్లో ఒక అమ్మాయికి సరిగ్గా ఇలాగే అయ్యింది.

పాలమూరు_అక్క:
సార్ చెప్పింది నిజం చెల్లె. మా తమ్ముడికి కూడా చెప్పే చేసినం. ఇప్పుడు మందు టైముకు గుర్తుచేసేది మా మరదలే.

అచ్చంపేట_రవ్వ:
మేనరికానికి ఏం సంబంధం లేదని పైన రాశారు. అది ఈ పాప విషయంలో సరే. కానీ అందరికీ అదే వర్తిస్తుందని ఎవరైనా అనుకుంటే ప్రమాదం కదా?

భువనగిరి_బయాలజీ:
బాగా అడిగారు. డ్రావేకు ఒక్క కాపీ చెడితే చాలు, అదీ ఎక్కువగా కొత్తగా వచ్చే మార్పు, అందుకే మేనరికంతో పనిలేదు. రెండు కాపీలూ చెడితేనే వచ్చే మూర్ఛ జబ్బులు వేరే ఉన్నాయి. లాఫోరా వ్యాధి అలాంటిది, ఈపీఎం2ఏ గానీ ఎన్‌హెచ్‌ఎల్‌ఆర్‌సీ1 గానీ రెండు కాపీలూ చెడాలి. బడి వయసులో బాగా చదివే పిల్లలకు ఫిట్స్, ఉలికిపాట్లు మొదలై రానురాను మతిమరుపు కూడా వస్తుంది. దగ్గరి చుట్టాలకు ఒకే తాత నుంచి అదే చెడ్డ కాపీ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి అలాంటి జబ్బులు మేనరికాల్లో ఎక్కువ కనిపిస్తాయి. ఏ జీన్, ఏ రకం మార్పు అన్నది కాగితం మీద చూడకుండా తల్లిని అనడం అన్యాయం. చూశాక అనడం కూడా అన్యాయమే అనుకోండి, చెడ్డ కాపీ ఉందని ఆమెకు మాత్రం ఏం తెలుసు.

నకిరేకల్_నాన్న:
మీ మొదటి పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను. మా మామయ్య ఏమీ అనలేదు కానీ మా అమ్మ రాత్రి మా ఆవిడకు తనే అన్నం పెట్టింది. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇంకో రెండు అడుగుతా. దీనికి శాశ్వతంగా నయం చేసే మందు వస్తుందా? రెండో బిడ్డకు వస్తుందా?

భువనగిరి_బయాలజీ:
అన్నా, మొదటిదానికి జవాబు జీన్ల నియంత్రణ దగ్గరే ఉంది. ఎస్‌సీఎన్1ఏ సందేశం (ప్రొటీన్ చేయడానికి కణం జీన్ నుంచి తీసుకునే నకలు) తయారయ్యేటప్పుడు కొన్నిసార్లు పాయిజన్ ఎక్సాన్ అనే ముక్క అందులో చేరిపోతుంది. అది చేరిన సందేశాన్ని కణం పారేస్తుంది, ప్రొటీన్ తయారుకాదు. ఇది అందరిలో జరిగేదే. జోరెవునెర్సెన్ అనే మందు ఆ ముక్కను చేరనివ్వకుండా చేస్తుంది, అప్పుడు బాగున్న కాపీ నుంచే ఎక్కువ నావ్1.1 వస్తుంది. చెడిన కాపీని ముట్టుకోనే ముట్టుకోదు. వెన్నులోకి ఇంజక్షన్‌గా ఇస్తారు. విదేశాల్లో పిల్లల మీద ట్రయల్స్‌లో ఉంది. ఇంకోటి ఈటీఎక్స్101, హాని చేయని వైరస్‌లో పెట్టి పంపే ఒక ప్రొటీన్ జీన్, అదుపు చేసే కణాల్లోనే ఎస్‌సీఎన్1ఏను పెంచేలా తయారుచేశారు, అదీ ట్రయల్స్‌లోనే. ఇవి మార్కెట్లోకి వచ్చేదాకా ఎవరైనా జీన్ థెరపీ చేస్తాం, లక్షలు కట్టండి అంటే నమ్మకండి. ఇప్పటికి స్టిరిపెంటాల్, ఫెన్‌ఫ్లురమిన్, క్యానబిడియాల్ అనే మందులు, కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం చాలా తక్కువ ఉండే తిండి) లాంటివి ఉన్నాయి, పాపకు ఏది కుదురుతుందో డాక్టర్ గారిని పేరుపెట్టి అడగండి.

రెండో బిడ్డ విషయం: మీ ఇద్దరి రక్తంలో లేదు కాబట్టి అవకాశం చాలా తక్కువ, కానీ సున్నా కాదు. రక్తంలో కనిపించకుండా కొన్ని అండాల్లోనో శుక్రకణాల్లోనో మాత్రమే ఆ మార్పు ఉండే వీలుంది. పాపలో మార్పు ఖచ్చితంగా ఎక్కడుందో రిపోర్టులో ఉంది కాబట్టి గర్భంలో ఉన్నప్పుడే పరీక్ష చేయించుకోవచ్చు. ఈసారి గర్భానికి ముందే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగంలో కలవండి.

నకిరేకల్_నాన్న:
వచ్చే వారం హైదరాబాద్ పోతున్నాం, ఇద్దరం కలిసే పోతున్నాం. ఏమేం తీసుకుపోవాలి అన్నా?

భువనగిరి_బయాలజీ:
పాప రిపోర్టు మొత్తం పేజీలతో, మొదటి పేజీ ఒక్కటే కాదు. మీ ఇద్దరి రిపోర్టు. వాడిన మందులు, మోతాదులు, ఏది వాడితే ఫిట్స్ పెరిగాయో రాసిన కాగితం. ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే అది. ఇరువైపులా మూడు తరాల్లో ఎవరికి ఫిట్స్ ఉన్నాయో, చిన్నప్పుడే ఎవరు పోయారో అడుగుతారు, అది మీ అమ్మగారిని ముందే అడిగి రాసుకోండి.